బెల్లం అక్కర్లేని చారు

మా రాజి రక్తంలో సీసం, పోయిన వారం పరీక్షలో, డాక్టరమ్మ ముఖం చిట్లించకుండా చదవగలిగినంత కిందికి దిగింది. రాజికి ఈ మధ్యే మూడేళ్ళు నిండాయి. అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ఏడాది కిందట రాయడానికి కూర్చుని ఉంటే కాగితం మీద తిట్లు తప్ప ఏమీ పడేవి కావు. ఇప్పుడూ కొన్ని పడతాయి. పడవలసిన వాళ్ళ మీదే పడతాయని మాత్రం మాట ఇవ్వగలను. ఆ వాళ్ళలో నేనూ ఉన్నాను.

ముందు నేనెవరో చెప్పాలి. ఈ జబ్బు అందులోంచే వచ్చింది. విశాఖపట్నం వన్ టౌన్‌లో పాతవాళ్ళని అడిగితే ‘ఓడలవారి ఇల్లు’ ఇప్పటికీ చూపిస్తారు. మా ముత్తాతగారు రేవుకొచ్చే ఓడలకి బియ్యం, నూనె, మంచినీళ్ళు అందించేవారు. నేను పుట్టేసరికి ఆ ఇంటి ముందు హాలు ఉల్లిపాయల గోదాము, మేడ మీద లారీల ఆఫీసు, వెనక రెండు గదుల్లో మేము. బస్తాల సందులోంచి పక్కకి తిరిగి నడిచి లోపలికొచ్చే చుట్టాలకి చూపించడానికి మాకు ఒకే ఒక్క వస్తువు మిగిలింది. సత్తు గిన్నె.

సత్తు గిన్నె అంటే తగరంతో పోసిన గిన్నె, చారు పెట్టడానికే. పొయ్యి మీద పెట్టేముందు నీళ్ళు పోసి తీరాలి, వట్టిగా పెడితే కరిగిపోతుంది. మా గిన్నె అంచు మీద ముత్తవ్వగారి పేరు, రాజ్యలక్ష్మి అని, చుక్కలు చుక్కలుగా చెక్కి ఉంది. మా ఇంట్లో కడుపుతో ఉన్న ఆడపిల్లకి తొమ్మిది నెలలూ ఆ గిన్నెలో చారే. సాయంత్రం పెట్టిన చారు అందులోనే ఉంచి పొద్దున్నే పరగడుపున ఒక గ్లాసు తాగాలి. చింతపండు చారు అలా నిలవుంటే పులుపు విరిగి కాస్త తియ్యబడేది. “మా గిన్నెలో చారుకి బెల్లం అక్కర్లేదు” అని మా నాయనమ్మ చెప్పేది, ఆవిడ తర్వాత మా అమ్మ చెప్పేది. ఇంటికి మిగిలిన దర్జా అంతా ఆ ఒక్క మాటలో ఉండేది.

ఇంట్లో ఆ చారు ముట్టనిది మా తాతగారొక్కరే. కాశీ వెళ్ళినప్పుడు అందరూ కాకరకాయో, పొట్లకాయో వదిలేస్తే ఆయన చారు వదిలేసి వచ్చారు. ఎంత నిగ్రహమో అనుకునేవాళ్ళం.

*ఆషాఢం నుంచి ఫాల్గుణం దాకా*

మా ఆయన శ్రీనివాస్‌ది గోదావరి జిల్లా. స్టీల్ ప్లాంటులో ఉద్యోగం. గోపాలపట్నంలో అద్దె ఇల్లు, మాతో అత్తగారు. ఈ సంబంధం మా స్థాయికి తక్కువని మా బాబాయి, అంటే నాన్నగారి తమ్ముడు, పెళ్ళి పందిట్లోనే నలుగురికీ వినబడేలా గొణిగాడు. ఆ పందిరి ఖర్చు పెట్టుకున్నది పెళ్ళికొడుకు వారేనన్నది ఆయనకి గుర్తు లేదు. నాకూ గుర్తు లేనట్టే ఉన్నాను. సత్తు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కాపరానికి వచ్చాను.

అత్తగారు మొదటి రోజే నా చారు ఓ గుక్క తాగి గ్లాసు కింద పెట్టేశారు.

“ఏవమ్మాయ్, బెల్లం ఏసేవేంటి?”

“మా గిన్నెలో అక్కర్లేదండి.”

“అక్కర్లేకపోతే తీపి ఎలా వచ్చిందే?”

పల్లెటూరి మనిషికి పాత్ర గొప్పతనం ఏం తెలుస్తుందని నవ్వుకున్నాను. ఆవిడ మళ్ళీ అది ముట్టలేదు. ఆవిడా, ఆవిడ కొడుకూ స్టీలు తపేలాలో పులుసు పెట్టుకునేవారు, బెల్లం ముక్క వేసి మరీ. ఒకే వంటింట్లో రెండు రాజ్యాలు నడిచాయి. నా రాజ్యంలో ఉన్నది నేనొక్కదాన్నే. తర్వాత నా కడుపులో బిడ్డ.

నెల తప్పినప్పటి నుంచీ నాకు ఒంట్లో బాగుండేది కాదు. కడుపులో ఎవరో తడిబట్ట పిండుతున్నట్టు నొప్పి. నోట్లో ఎప్పుడూ తాళంచెవి చప్పరించిన రుచి. మెట్లెక్కితే కళ్ళు తిరిగేవి. ఆసుపత్రి వరండాలో మూడేసి గంటలు కూర్చుంటే, లోపల మూడు నిమిషాల్లో “కడుపుతో ఉన్నవాళ్ళకి ఇవన్నీ మామూలేనమ్మా” అని పంపేసేవారు. ఆడదాని నొప్పికి మామూలే అన్న పేరు పెడితే ఇంకేమీ వెతకక్కర్లేదు కదా. ఇంటికొచ్చి ఏమీ సయించక ఇంకో గ్లాసు చారు తాగేదాన్ని. మా అమ్మకీ జీవితమంతా ఇలాంటి కడుపునొప్పే. నాకు ముందు ఇద్దరు ఆవిడ కడుపులో నిలవలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. నేను కాపరానికి వచ్చిన ఏడాదే ఆవిడ పోయింది.

రాజి నెల ముందుగా పుట్టింది. అరచేతిలో పట్టేంత ఉంది. ముత్తవ్వగారి పేరే పెట్టాను.

*రాజికి ఏడాదిన్నర*

తోటి పిల్లలు పరుగెడుతున్నారు. రాజి గోడ పట్టుకుని నిలబడి, ఆ గోడ సున్నాన్నే నాకేది. తెల్లగా పాలిపోయిన ముఖం. అన్నం పెడితే కడుపు పట్టుకుని మెలికలు తిరిగి ఏడ్చేది. అమ్మ అన్న మాట కూడా రాలేదు.

సలహాలకి కొదవ లేదు. దిష్టి అన్నారు. తాయెత్తు అన్నారు. మేనత్త వరస ఒకావిడ పిల్లని ఎగాదిగా చూసి “వాళ్ళ నాన్న పోలిక, నెమ్మది” అని తేల్చింది. ఆవిడ కొడుకు పదో తరగతి మూడోసారి రాస్తున్నాడు.

నాకు మాత్రం కారణం తెలుసనుకున్నాను. దుమ్ము. పురుడుకి ముందు ఏడో నెలలో వన్ టౌన్ ఇంటికి వెళ్ళి వారం ఉన్నాను. అక్కడ పోర్టు బొగ్గు దుమ్ముతో కిటికీ గట్టు పొద్దున్న తుడిస్తే సాయంత్రానికి నల్లగా అయ్యేది. ఆ నలుపే నా బిడ్డలోకి వెళ్ళిందని నిర్ణయించుకున్నాను. గట్టు తుడిచిన తెల్లగుడ్డని కవరులో పెట్టుకుని కాలుష్యం సంగతి చూసే ఆఫీసుకి వెళ్ళాను. అక్కడి పెద్దమనిషి గుడ్డ వంక చూసి, “అప్లికేషన్ రాయండమ్మా, గుడ్డ మాత్రం పట్టుకుపోండి. టేబుల్ పాడైపోతాది” అన్నాడు. గాలికి ఏమైనా ఫరవాలేదు, టేబులు పాడవకూడదు.

ఆ రోజుల్లోనే పిల్లల ఆసుపత్రి బెంచీ మీద తగరపువలస నుంచి వచ్చిన, చేపలమ్ముకునే ఒకావిడ పక్కన కూర్చోవలసి వచ్చింది. నేను చీర దగ్గరికి లాక్కున్నాను. ఆవిడ చూసింది, పట్టించుకోలేదు.

“ఏటమ్మా, పాపకేటి? ఉలకదు, పలకదు?”

“మాటలు రాలేదు.”

“నా మనవడికీ ఇలాగే నెత్తురు లేదన్నారు. రకతం పరీచ్చ సేయించు తల్లీ. అడక్కపోతే రాయరు ఈలు. అడగడానికి సిగ్గేటి, మన పిల్ల కాదేటి?”

తర్వాత తన వంతు వచ్చినప్పుడు, రాజి ఏడుపు చూసి, మమ్మల్ని ముందు లోపలికి తోసింది. ఆవిడ పేరు నేను అడగలేదు. ఆ రోజు అడగాలని కూడా అనిపించలేదు. అది ఇప్పుడు గుచ్చుకుంటుంది.

*ఆశ్వయుజం*

లోపల కూర్చున్న డాక్టరు నాకంటే చిన్నది. పరీక్ష నేను అడగకముందే రాసింది, నాకు కూడా. వారం తర్వాత ఇద్దరి కాగితాలూ పక్కపక్కన పెట్టి నా వైపు తిప్పింది.

“మీ ఇద్దరి రక్తంలోనూ సీసం ఉందండి. పాపకి ఎక్కువే ఉంది. అది ఎక్కడినుంచి వస్తోందో ఆపకపోతే నేనేం మందిచ్చినా వృథా. మాటలు రాకపోవడం, నెత్తురు లేకపోవడం, అన్నీ దీనివల్లే కావచ్చు.”

“దుమ్మండి. పోర్టు పక్క ఇల్లు మాది.”

“దుమ్ము మంచిదని నేననను. కానీ మీరు అక్కడున్నది వారం. ఇది రోజూ లోపలికి వెళ్తున్నదేదో. ఇంట్లో వాడే రంగులు, కాటుక, పసుపు, పాత పాత్రలు అన్నీ జాబితా రాసుకు రండి. మీవారి పని బట్టలు కూడా.”

పని బట్టలు అన్న మాట దగ్గరే నా చెవులు మూసుకుపోయాయి. దొరికాడు దొంగ. ఆ సాయంత్రం డ్యూటీ నుంచి వచ్చిన మా ఆయన్ని గుమ్మంలోనే ఆపేశాను. యూనిఫాం పెరటి కుళాయి దగ్గర విప్పి, స్నానం చేసి, అప్పుడు లోపలికి రమ్మన్నాను. పక్కవాటా వాళ్ళు వరండాలో నిలబడి చూస్తున్నారు.

“విశాలా, పదిమందిలో ఇదేంటి?”

“మీ ప్లాంటు మట్టి నా కూతురి ఒంట్లోకి ఎక్కింది. పదిమందికీ తెలియనివ్వండి.”

ఆయన తువ్వాలు చుట్టుకుని కుళాయి కింద కూర్చున్నారు. మర్నాటి నుంచి నేను చెప్పకుండానే అక్కడే కూర్చునేవారు. ఇరవై రోజులు పిల్లని ఎత్తుకోలేదు. ఆ తర్వాత ఆయన రక్తం కాగితం వచ్చింది. ముగ్గురిలో ఆయనదే శుభ్రంగా ఉంది.

డాక్టరు నా జాబితా చదివింది. కాటుక, పసుపు, గోడల రంగు, బొమ్మలు, అన్నీ ఉన్నాయి.

“పాత పాత్రలేమీ లేవా?”

“మాది శుద్ధ తగరపు గిన్నె. మీరు చదువుకున్న పుస్తకాల కంటే పాతది. దాన్ని అనుమానించాల్సిన పని లేదు.”

“ఏ వస్తువుకైనా పరీక్ష చేయిస్తే తప్పేముందండి?”

లేచి వచ్చేశాను. అది నా తెలివి. ఆ పూట కూడా రాజికి ఆ గిన్నెలో చారే అన్నంలో కలిపి పెట్టాను. ఇది చదివేవాళ్ళు ఇక్కడ కాసేపు ఆగి నన్ను తిట్టుకోవచ్చు. నేను రోజూ ఆగుతాను.

*కార్తీకం*

డాక్టరు పాత పాత్రల గురించి అడిగిన సంగతి అత్తగారికి కొడుకు చెప్పి ఉంటారు. ఆవిడ అరవలేదు. రాజిని తన మంచం మీద కూర్చోబెట్టుకుని పెరుగన్నం తినిపిస్తూ అన్నారు.

“నీ గిన్నె గొప్పదైతే భయమేంటే? తీసుకెళ్ళి చూపించెయ్. గొప్పదని తేలితే నేనే రోజూ తోముతాను, ఆయ్.”

“తేలుతుంది.”

“తేలేదాకా నా మనవరాలికి ఆ చారు పెట్టకు. అంతే.”

పౌరుషం వచ్చింది. మర్నాడు గిన్నె పాతచీరలో చుట్టి వన్ టౌన్ బయలుదేరాను. మా వీధి చివర కళాయి పోసే దుకాణం ఉంది. మూడు తరాలుగా ఊళ్ళోని ఇత్తడికీ రాగికీ వాళ్ళే పూత వేస్తున్నారు. ఇప్పుడు కరీం సాయిబు గారు నడుపుతున్నారు, డెబ్బై దాటాయి. ఓడలవారి అమ్మాయినని చెప్పగానే లేచి నిలబడి, స్టూలు తుడిచి వేశారు. ఆ మర్యాదకి కడుపు నిండిపోయింది. ఇది శుద్ధమైన తగరమని ఒక కాగితం మీద రాసివ్వండని గిన్నె బల్ల మీద పెట్టాను.

ఆయన గిన్నె వైపు చూసి, నా వైపు చూసి, మళ్ళీ గిన్నె వైపు చూశారు.

“దీన్లో వండుతన్నారేటమ్మా?”

“మా పుట్టింట్లో నేను పుట్టినప్పటి నుంచీ.”

“యా అల్లా.”

పక్కనున్న పాత బిల్లు తిరగేసి, గిన్నె అంచుని దాని మీద అడ్డంగా ఒక్కసారి గీశారు. పెన్సిలుతో గీసినట్టు బూడిదరంగు గీత పడింది. వెనకనుంచి చిన్న తగరపు కడ్డీ తెచ్చి దానితోనూ గీశారు. కాగితం తెల్లగానే ఉంది.

“తగరం గీత పెట్టదమ్మాయిగారూ. సీసం పెడతాది. ఇది సగానికి పైన సీసమే.”

“ఎవరో మార్చేశారు.”

“ఎవరో కాదమ్మా. మా అబ్బా, అంటే మా నాన్న, పోసిందే ఇది. నాను తిత్తి ఊదేను. మీ తాతగారు అసలు గిన్నె తెచ్చి అమ్మేసేరు. తగరం అంటే అప్పుడూ ధరే. అదే కొలత, అదే అంచు, అదే పేరు, అలాగే ఇంకోటి సవగ్గా పొయ్యమన్నారు. ‘బాబూ, దీన్లో వండకూడదు, పులుపు అసలు పడకూడదు’ అని మా అబ్బా నా ముందే సెప్పేరు. ‘వండడానిక్కాదు సాయిబూ, వచ్చినోళ్ళకి కనపడ్డానికి’ అన్నారు మీ తాతగారు. కనపడ్డానికే అనుకున్నాం మేం. ఇన్నేళ్ళూ.”

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకు తిరగలేదు. నాకు కాశీ గుర్తొచ్చింది. గంగలో మునిగి చారు వదిలేసి వచ్చిన నిగ్రహం గుర్తొచ్చింది. అసలు గిన్నె అమ్ముకున్నానని భార్యకి చెప్పడం కంటే, ఆవిడా, కోడలూ, మనవరాలూ ఆ చారు తాగుతుంటే ఎదురుగా కూర్చుని పెరుగన్నం తినడం ఆయనకి తేలికైంది. ఇస్త్రీ పంచె మడత నలగకుండా పోయారు తాతగారు. చివరి ఊరేగింపు కూడా బాగా జరిగింది.

సాయిబు గారు ఏమీ తీసుకోలేదు. గీత ఉన్న కాగితాన్ని మడిచి నా చేతిలో పెట్టి, ఆటో ఎక్కేదాకా ఎండలో నిలబడ్డారు. నాకు తెలిసి ఆ వీధిలో నిజం చెప్పిన మగవాళ్ళు ఆయనా, వాళ్ళ నాన్నా.

*మార్గశిరం నుంచి*

కాగితం చూపిస్తే డాక్టరమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే తేలిగ్గా ఉండేది. కుర్చీ దగ్గరికి జరుపుకుని చెప్పింది. పులుపు తగిలితే సీసం కరిగి తియ్యబడుతుందట, మా చారులో తీపి అదే. చిన్నప్పటి నుంచి నా ఒంట్లోకి వెళ్ళిన సీసం చాలావరకు ఎముకల్లో చేరి కూర్చుందట. కడుపులో బిడ్డ ఎముక పోసుకోవడానికి తల్లి ఎముకలు కరిగి సున్నం ఇస్తాయి. ఇచ్చేటప్పుడు దాచుకున్న సీసాన్నీ ఇచ్చేస్తాయి. తర్వాత పాలలోనూ కొంత వెళ్తుంది.

“అంటే పెళ్ళయ్యాక ఆ గిన్నె ముట్టకపోయినా?”

“కొంత వెళ్ళేదేనండి. ఇంత కాదు. ముందే తెలిసి ఉంటే బిడ్డని కనేముందే చూసుకునేవాళ్ళం.”

అంటే రాజికి వారసత్వం పేరు పెట్టినప్పుడు కాదు, అంతకు ముందే ముట్టిందన్నమాట.

రాజిని ఆసుపత్రిలో చేర్చారు. మందు కుళ్ళిన గుడ్ల వాసన. ముక్కు మూసి, తేనెలో కలిపి, ఇద్దరం చెరో చెయ్యీ పట్టుకుంటేనే మింగేది. మిగతాదంతా ఎదురుచూడ్డం. సూది, కాగితం, అంకె, మళ్ళీ నెల. అంకె తగ్గేది, ఎముకల్లోంచి ఊరి మళ్ళీ కాస్త పెరిగేది. పెరిగిన నెల అంతా నేను ఎవరితోనూ మాట్లాడేదాన్ని కాదు. అత్తగారు రాగిజావ, మునగాకు, పాలు తప్ప మాట్లాడేవారు కాదు. “నేను ముందే అన్నానా” అన్న మాట ఆవిడ నోట్లోంచి ఒక్కసారి కూడా రాలేదు. ఆవిడ స్థానంలో నేనుంటే పొద్దున్న కాఫీతో పాటు అదే ఇచ్చేదాన్ని.

మా ఆయనకి క్షమాపణ చెప్పడం నాకు రాలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు పెరటి తాడు మీద వేరుగా ఆరుతున్న యూనిఫాం తెచ్చి, నా చీరలతో కలిపి నానబెట్టాను. ఆయన గుమ్మంలో నిలబడి చూశారు.

“రంగు అంటుకుంటుందేమో.”

“అంటుకోనివ్వండి.”

లోపలికి వెళ్ళి రాజిని ఎత్తుకున్నారు.

పోయిన మాఘంలో బాబాయి ఫోన్ చేశాడు. ఆయన కూతురు పద్మకి మూడో నెల.

“గిన్నె పంపించవే. మన ఆనవాయితీ ఆగకూడదు.”

మొత్తం చెప్పాను. నేననుకున్నాను, మనిషి కదా, కూతురు గుర్తొచ్చి ఉంటుందని.

“ఈ కళాయి సాయిబు మాటలు ఎవరికైనా సెప్పేవేటి?” అన్నాడు. “పద్మ అత్తోరికి తెలిస్తే ఏటవుతాదో ఆలోసించేవా? ఇంటి పరువు తీసేత్తావేటే?”

“ఆ పరువు రాజి రక్తంలో ఉంది బాబాయ్. ప్రతి నెలా కొలుస్తున్నారు. కాగితం పంపనా?”

ఫోన్ పెట్టేసి, పద్మ అత్తవారింటికే వెళ్ళాను. వాళ్ళ అత్తగారి ముందే, గిన్నె అంచుతో తెల్లకాగితం మీద గీత గీసి చూపించాను. పద్మ కూడా ఆ రెండు గదుల్లో ఆ చారు తాగి పెరిగిందే. మర్నాడు మా డాక్టరమ్మ గది బయట బెంచీ మీద నా పక్కన కూర్చుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. రక్తంలో ఉంది, కానీ నాకున్నంత లేదు. ఇంకా వేళ మించలేదని, కాల్షియం, ఐరన్ మాత్రలు రాసి, నెలనెలా చూస్తానంది డాక్టరు. పద్మ ఏడుస్తూనే నా చెయ్యి పట్టుకుంది. బాబాయి నాతో మాట్లాడడం మానేశాడు. ఈ మొత్తం వ్యవహారంలో నాకు దక్కిన లాభం అదొక్కటే.

గిన్నెని సాయిబు గారి దగ్గరే సుత్తితో చదును చేయించాను. రాజ్యలక్ష్మి అన్న చుక్కలు ఒక్కొక్కటే అణిగిపోయాయి. కరిగించి మళ్ళీ ఎవరికీ ఏమీ పోయవద్దని మాట తీసుకున్నాను. మీ ఇంట్లోనూ పేరు చెక్కిన పాతదేదైనా ఉంటే, దాని కథ తర్వాత చెప్పుకోండి. ముందు కాగితం మీద గీసి చూడండి. గీత పడకపోయినా నమ్మేయకుండా పరీక్ష చేయించండి. కడుపుతో ఉన్నవాళ్ళు రక్తం కూడా చూపించుకోండి. అడగడానికి సిగ్గేటి అని ఒకావిడ నాకు చెప్పింది.

రాజి అందరి పిల్లల్లా అవుతుందా అంటే డాక్టరమ్మ అవునని చెప్పదు, కాదనీ చెప్పదు. మాటలు ఆలస్యంగా వస్తున్నాయి, వస్తున్నాయి. పోయిన వారం అంకె తగ్గిన కాగితం పట్టుకుని ఇంటికొచ్చేసరికి మధ్యాహ్నం అయింది. అత్తగారు స్టీలు తపేలాలో చారు పెట్టారు. పోపు వేసి, నా ముఖం వంక ఒకసారి చూసి, డబ్బా తీసి బెల్లం ముక్క వేశారు. రాజికి అన్నంలో కలిపి పెట్టారు. నా కంచంలోనూ పోశారు.

రాజి గిన్నె ఖాళీ చేసి చెయ్యి చాపింది. “ఇంకా” అంది.

చారు బాగుంది. ఆ గిన్నె వదిలేశాక చారు ముట్టని నేను, పుట్టి బుద్ధెరిగాక సీసం లేకుండా తాగిన మొదటి చారు అది. ఆ మాట అత్తగారికి ఇంకా చెప్పలేదు. నేనూ కంచం ముందుకి జరిపాను.